కింది మడికి పారిన పచ్చదనం

పోయిన ఏడు వానాకాలం చివర్లో మా ఊరి చెరువు నిండి, అలుగు పొర్లి, మరువ పారింది. మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తా, మల్లా ఎప్పుడు పారుతాదో ఏమో, వచ్చి చూసిపో" అన్నాడు. తనకల్లులో బస్సు దిగి, వాడి మోటారు సైకిలు వెనక కూర్చుని వెళ్ళి, చెరువు కట్ట మీద నిలబడ్డాను. నిండిన చెరువు తన బరువు మోయలేక మరువ మీద నుంచి దూకుతుంటే వచ్చే చప్పుడు మా వైపు పుట్టినవాళ్ళు జన్మకు కొన్నిసార్లే వింటారు. చెవులారా విన్నాక వాడు నన్ను మడి దగ్గరికి తీసుకుపోయాడు. నాటి నెల దాటిన వరి. వాడు బకెట్టు నడుముకు ఆనించుకుని, తెల్లటి యూరియా పిడికిలి తర్వాత పిడికిలి చల్లుకుంటూ నడిచాడు. మడి మొత్తం ఒకే ఎత్తు, ఒకే రంగు, కత్తెర పెట్టి కత్తిరించినట్టు. గట్టు మీదికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "వరి పెరిగి పెరిగి పడిపోతాండె అని మా నాయన చెప్తాండె. నువ్వెప్పుడన్నా చూసినావా అత్తా?" అని అడిగాడు. చూశానన్నాను. పక్కపక్కనే ఉన్న రెండు మళ్ళలో ఒకటి పడడం, ఒకటి నిలవడం చూశానన్నాను. "దానికో నీళ్ళు, దీనికో నీళ్ళా?" అన్నాడు. కాదు, ఒకే నీళ్ళు. జరిగింది అదే.

నేను హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. తారీఖు వేయకుండా పాలవాడికి చీటీ కూడా రాయను. అయినా ఈ సంగతి జరిగిన ఏడు ఏదో ఖాయంగా చెప్పలేను. తైచుంగు అనే పొట్టి వరి మా వైపు కొత్తగా వచ్చిన కాలం, నేను ఎనిమిదో తరగతి చదువుతున్న కాలం. అంతకన్నా దగ్గరగా చెబితే అది ఊహ అవుతుంది. ఊహను తారీఖని రాయడం నాకు చేతకాదు. కానీ ఆ ఏడు చూసిన ఆ పచ్చ రంగు మాత్రం, కళ్ళు మూసుకుంటే ఈ రోజుకీ ఏ ఆకు ఎంత నలుపు తిరిగిందో చెప్పగలను. డెబ్బై దాటిన తర్వాత కూడా నాకు తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడిచే సంగతులు రెండో మూడో ఉన్నాయి. అందులో ఇది ఒకటి.

మా ఇంట్లో వరి బువ్వ రోజూ తినే తిండి కాదు. పొద్దున సద్ది సంగటి, మధ్యాహ్నం కొర్ర బువ్వ, రాత్రికి మళ్ళీ రాగి సంగటి, ఉలవల చారు. మా మట్టి మిద్దెలో ఏ మూల నిలబడినా ఏదో ఒక వాసన ఉండేది. గడప దగ్గర పేడనీళ్ళు, అటక కింద శెనక్కాయల దుమ్ము, వంటింట్లో మాడిన ఎండుమిరప ఘాటు. వరి అన్నం ఉడికే వాసన మాత్రం ఉగాదికి, పీర్ల పండక్కి, చుట్టం వచ్చినప్పుడు, జ్వరం వచ్చి తగ్గినప్పుడు. పథ్యానికి పెట్టే ఆ మెత్తటి బువ్వ కోసం నేనూ తమ్ముడూ ఒళ్ళు కాలుతోందేమోనని ఒకరి నుదురు ఒకరు ముట్టుకుని చూసుకునేవాళ్ళం. ఆ బియ్యం మా జేజి పండించినవి. జేజి అంటే నాయనను కన్న తల్లి. సన్నటి మనిషి, నడుముకు వక్కాకు సంచి, చేతికి వెండి కడియం. ఆ కడియం చప్పుడు ముందు వచ్చి, ఆమె తర్వాత వచ్చేది. మాట కోసం వెతుక్కునే అలవాటు ఆమెకు లేదు. దొరికిన మాటతోనే కొట్టేది.

జేజి వడ్లకు ఎర్రొడ్లు అని తప్ప వేరే పేరు లేదు. దంచితే బియ్యం మీద ఎర్రటి చార మిగిలేది. ఉడికేటప్పుడు వేయించిన శెనక్కాయకూ తడిసిన గడ్డికీ మధ్య ఏదో వాసన వేసేది. చెరువు నిండిన ఏడు మడిలో వేసేది, నిండని ఏడు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి పక్కన నులకమంచం అంత చోటు దున్నించి అక్కడ వేసేది. ఆ గుప్పెడు వరికి తనే కడవతో నీళ్ళు మోసేది. మా అమ్మకు ఇది పిచ్చితనంగా కనిపించేది. "తాగేదానికే నీళ్ళు ల్యాకుంటే ఈ పిడికెడు గడ్డికి ఎందుకత్తా ఇంత చాకిరి?" అని ఒకసారి అడిగింది. జేజి కడవ దించకుండానే, "తినేదానికి కాదు లేమ్మే. వడ్లు కుండలో ఊరికే పడుంటే మొలక చస్తాది. ఏటేటా మట్టి చూపించల్ల. ఇంట్లో విత్తనం ఉంటే, నిండేదానికి చెరువుకు సిగ్గన్నా వస్తాది" అంది. వేపాకు కలిపి, మూతికి పేడా మట్టీ మెత్తిన ఆ విత్తనాల కుండ ఇంట్లో పెద్ద మనిషి మాదిరి మూల కూర్చుని ఉండేది. దాన్ని కాలితో తాకితే మొక్కుకోవాలి.

నేను చెప్పబోయే ఏటికి ముందటి ఏడు బావి కూడా అడుగంటింది. జేజి మోసిన కడవల నీళ్ళు చాలక, ఆ గుప్పెడు వరి తాలుగింజలు తప్ప ఏమీ ఇవ్వలేదు. కుండలో మిగిలినవి అంతకు ముందటి ఏటివి. వాటిలో మొలక ఇంకొక ఏడు బతికి ఉంటుందన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు వానలు వచ్చాయి, చెరువు నిండింది. జేజి కుండ బోర్లించి, అడుగున అంటుకున్న గింజలు కూడా వేలితో గీకి, అన్నీ నారు పోసింది. ఈ ఊళ్ళో ఆ వడ్లు వేసేవాళ్ళు వేరే ఎవరూ మిగల్లేదు. ఈ పంట పోతే అప్పుగా అడిగి తెచ్చుకోవడానికి ఇంకొక ఇల్లు లేదు. నాకు ఆ వయసులో ఆ సంగతి తెలియలేదనుకోకండి. బోర్లించిన కుండ పక్కన నడిచేటప్పుడు మేమందరం మెల్లగా నడిచేవాళ్ళం.

చెరువు కింద మాకు రెండు మళ్ళు. పై మడి నాయనది. కింది మడి జేజికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. దాని సంగతి ఆమె మాటే. రెండూ ఒకే కొలత అని నేను కొలిచి చెప్పడం లేదు. దున్నడానికి రెండింటికీ ఒక్కో పూట పట్టేది, అంతవరకు చెప్పగలను. కాలువ నీళ్ళు ముందు పై మడిలోకి వచ్చి, గట్టులో కొట్టిన మడవ గుండా కింది మడిలోకి దిగేవి. మడవ అంటే గట్టు తెంచి నీళ్ళు వదిలే గండి. చెరువు కింద అన్ని మళ్ళూ ఇలాగే, ఒకరి మడి తాగిన నీళ్ళు ఇంకొకరి మడి తాగాలి. పై మడివాడు మడవ కట్టేసి నీళ్ళు ఆపుకోవడం మా ఊళ్ళో తప్పుల్లోకెల్లా తప్పు. నీళ్ళు తిప్పే నీరుగంటి గంగన్న అలాంటి వాణ్ణి నలుగురిలో నిలబెట్టి మరీ కడిగేవాడు.

ఆ ఏడు మా నాయన పై మడిలో కొత్త వరి వేస్తానన్నాడు. సేద్యం సలహాలు చెప్పడానికి సర్కారు పంపగా ఊరికి కొత్తగా వచ్చిన గ్రామసేవక్ ఆయనకు తైచుంగు విత్తనమూ, గోనె సంచిలో తెల్లటి ఎరువూ ఇప్పించాడు. అది అమోనియం సల్ఫేటు. మా వాళ్ళకు నోరు తిరగక సీమ ఉప్పు అన్నారు. గ్రామసేవక్ గుంటూరు వైపు అబ్బాయి. మీసాలు ఇంకా పూర్తిగా రాలేదు, ఎండకు మెడ కమిలి ఉండేది, మా ఊరి సంగటి మింగుడుపడక మజ్జిగ మీద బతికేవాడు. అతను సంచి విప్పిన రోజు పంచలో పదిమంది చేరారు. జేజి ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని రుద్ది, వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఏమప్పా, ఉప్పును మడిలో చల్లమంటాండావా? చెరువు కింద సగం నేల ఇప్పటికే చౌడు పట్టి పడుండాది. తెల్లగా పేలిన ఆ నేల చూసినావా? దేవుడు చల్లిన ఉప్పు చాలదని మనం చల్లల్నా?"

"అమ్మగారూ, ఇది ఉప్పు కాదండీ. మొక్కకి బలం" అన్నాడు గ్రామసేవక్.

"ఉప్పు కాకుంటే నోట్లో ఏసుకో, చూస్తాం."

ఆ అబ్బాయి నిజంగానే రెండు పలుకులు నాలుక మీద వేసుకున్నాడు. అందరూ అతని ముఖమే చూస్తున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎట్లుండాది నాయనా?"

"ఉప్పగానే ఉందండీ" అన్నాడు, అబద్ధం చేతకాక.

పంచ అంతా నవ్వింది. జేజి కూడా నవ్వి, అతనికి మంచినీళ్ళు ఇప్పించింది. కానీ తన మడిలో ఆ సంచి నీడ కూడా పడకూడదని చెప్పింది. తన మడికి కానుగాకు తొక్కించింది, గొర్రెల మంద నిలిపించింది. ఏటా చేసేది అదే. కొత్త వరి ఎత్తు పెరగదని విని, దాని నారు చూసి, "ఇదేం వరిరా, గరిక మాదిరి మోకాటెత్తు! గింజలు మనం తింటాం సరే, గొడ్లు ఏం తినల్ల? కోసేవాళ్ళు పండుకోని కొయ్యల్నా?" అని నాయనను ఆట పట్టించింది. గడ్డి మాట మాత్రం ఆట కాదు. కరువు సీమలో పొడుగు గడ్డి అంటే గొడ్ల ప్రాణం.

నాట్లు తిరిగి, పచ్చబడుతున్న సమయంలో సీమ ఉప్పు చల్లారు. చల్లే ముందు గ్రామసేవక్ మడిలో నీళ్ళు తగ్గించమన్నాడు. చల్లాక మడవ మట్టితో కట్టేసి, రెండు మూడు రోజులు నీళ్ళు కదలనివ్వొద్దన్నాడు. నాయన తల గోక్కున్నాడు. కన్నతల్లి మడికి నీళ్ళు కట్టేయడం ఎలా? చివరికి నాలుగు పారల మట్టి అయిష్టంగా వేశాడు. పూట గడవక ముందే జేజి గట్టు మీదికి వచ్చింది. కట్టిన మడవ చూసి నిలబడిపోయింది.

"ఎవురు కట్టింది ఇది?"

"నేనేమ్మా. రెండు దినాలు. నీ మడిలో నీళ్ళుండాయి కదా."

"చెరువు నీ అబ్బ సొత్తా? నీ అబ్బ నా మొగుడే, ఆయనకే ల్యాదు ఆ సొత్తు! రేపు ఊరంతా మడవలు కట్టుకుంటే చివరి మడివాడు ఏం తాగల్ల, నీ ఉచ్చా?"

అటుగా పోతున్న గంగన్న ఆగి, "పెద్దమ్మ చెప్పింది న్యాయమే కదప్పా. సొంత కొడుకే కడితే నేను ఎవుర్ని అడగల్ల?" అన్నాడు. జేజి చీర కుచ్చెళ్ళు ఎగదోసి, మడమతో మట్టిని తన్నింది. పై మడి నీళ్ళు గలగలమంటూ కింది మడిలోకి దిగాయి. గ్రామసేవక్ ఆ పూట పక్క ఊళ్ళో ఉన్నాడు. ఉన్నా జేజికి అడ్డం చెప్పేవాడని నేను అనుకోను. నాయన పార భుజాన వేసుకుని, నా వైపు చూసి, "నడువు, పోదాం" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా బరువు దిగినట్టున్న ధ్వనే ఎక్కువ. కన్నతల్లి మడికి నీళ్ళు ఆపిన పాపం ఆయనకు తప్పింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నా దగ్గర ఉన్న మాటలు చాలవు. వారం తిరగక ముందే పై మడి రంగు మారింది. మేము పుట్టినప్పటి నుంచి చూసిన పచ్చదనం ఎప్పుడూ కొంచెం పసుపు కలిసిన పచ్చ. మా నేల ఇవ్వగలిగింది అంతే. ఇది అది కాదు. లోపల నలుపు దాచుకున్న పచ్చ. పొద్దున్నే ఎండ పడితే ఆ ఆకులు నెమలి మెడ మాదిరి మెరిసేవి. బడికి పోయేటప్పుడు కట్ట మీద ఆగి, ఒక గోనె సంచిలో పట్టే ఉప్పు ఇంత నేలను ఇంతలో ఎలా మార్చిందా అని చూస్తూ నిలబడేదాన్ని. బడి గంట మోగేది, అయినా కాళ్ళు కదిలేవి కావు. ఇంకొక వారానికి కింది మడి కూడా అదే రంగు తిరిగింది.

జేజి ఆనందం చూడాలి. "చూసినావా? ఉప్పు ల్యాకుండానే! కానుగాకు గొప్ప, గొర్రె పెంట గొప్ప!" అని నాయనను పిలిచి మరీ చూపించింది. ఊళ్ళో ఆడవాళ్ళను చేయి పట్టి తీసుకుపోయి చూపించింది. ఎర్రొడ్లు ఎప్పుడూ ఎత్తు పెరిగేవే, కానీ ఈసారి నన్ను దాటి, జేజి భుజాన్ని దాటి పోయాయి. పిలకలు గుబురు కట్టాయి. ఆకులు ఒకదాని మీద ఒకటి వంగి, మొదట్లో చేయి పెడితే చీకటీ చెమ్మా తగిలేవి. పక్కన పై మడిలో తైచుంగు మాత్రం నడుమెత్తుకు వచ్చి ఆగింది. అది కూడా తింటూనే ఉంది, కానీ తిన్నది ఎత్తుకు పెట్టలేదు. పక్కలకు పిలకలు పెట్టింది, ఆకులు కత్తుల మాదిరి నిటారుగా నిలిపింది. "పొట్టోడా, ఇట్లా చూడు, మెడ నొప్పొస్తాదేమో" అని జేజి నాయన వరిని వెక్కిరించేది. గ్రామసేవక్ కింది మడి చూసి ముఖం ముడుచుకున్నాడు. "ఇంత ఎదగకూడదండీ" అని గొణిగాడు. "కడుపుమంట నీకు" అని జేజి అతని వీపు మీద తట్టింది.

స్వాతి కార్తె వాన పెద్దదేమీ కాదు. గాలి కూడా తాటాకు లేచిపోయేంత కాదు. కానీ కింది మడిలో వెన్నులు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి, తల బరువెక్కింది. పొద్దున లేచి వెళ్ళేసరికి మడి మడంతా పడుకుని ఉంది. ఏదో పెద్ద జంతువు రాత్రంతా పొర్లినట్టు అన్ని వైపులకూ అణిగి ఉంది. కంకులు నీళ్ళలో మునిగాయి. పక్కనే, ఒక్క గట్టు అవతల, పొట్టి వరి చినుకులు దులుపుకుని నిలబడి ఉంది. ఆ రెండు దృశ్యాలు ఒక్క చూపులో పట్టేవి. నేను ఎంతసేపు అలా చూశానో తెలియదు. భయమూ ఆశ్చర్యమూ కలిసి వస్తే మనిషి బొమ్మ అయిపోతాడని ఆ రోజే తెలిసింది.

జేజి గట్టు మీద కూలబడింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి, "దిష్టి తగిలింది పెద్దమ్మా, అందరికీ చూపిస్తివి కదా" అన్నారు. ఆమె అవునంది. తన నోటి దూల తన విత్తనాన్ని తినేసిందని అనుకుంది. నాయన మాత్రం మడిలోకి దిగి, పడిన వరి మధ్య నడిచాడు. మడవ దగ్గర వరి నేలకు అంటుకుపోయి ఉంది. అక్కడి నుంచి నీళ్ళు ఎటు పారాయో అటే, విప్పిన విసనకర్ర మాదిరి, పడిన వరి పరుచుకుని ఉంది. మడవకు దూరమైన కొద్దీ వంగింది గానీ పూర్తిగా పడలేదు. చిట్టచివర బండ పక్కన, నీళ్ళు సరిగా ఎక్కని మిట్ట మీద, కొంచెం వరి నిలబడే ఉంది. లేత పసుపు పచ్చ, సన్నటి కాడలు, చిన్న కంకులు. మేము చిన్నప్పటి నుంచి చూసిన వరి. నాయన తల గుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. తిరిగి వచ్చి జేజి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఇది దిష్టి కాదు. నా ఉప్పే. నీళ్ళతో నీ మడిలోకి దిగింది."

జేజి మడవ వైపు చూసింది. ఆమే అంది.

"తెంచింది నేనే కదరా."

ఆ తర్వాత ఆమె ఏడుస్తుందని అనుకున్నాను. ఏడవలేదు. లేచి నిలబడి, ఒకసారి పై మడిని, ఒకసారి కింది మడిని చూసింది.

"రెండూ తినింది ఒకే ఉప్పు కదా?"

"ఒకే ఉప్పు."

"నీది నిలబడుకోనుండాది, నాది పండుకోనుండాది. అట్లయితే తప్పు ఉప్పుది కాదు, నా వడ్లదీ కాదు. పాపం దానికి ఎవురు ఇంత తిండి పెట్టినారు ఇన్నాళ్ళూ? ఎప్పుడూ ల్యాంది దొరికితే తినింది, ఎత్తుకు పెరిగింది, మొయ్యల్యాక పడింది." ఆమె గొంతులో బాధ ఉంది గానీ, అంతకన్నా ఎక్కువగా తన వడ్లలో ఇన్నేళ్ళూ తనకు తెలియనిది ఏదో కనిపించినందుకు కలిగిన విస్మయం ఉంది.

పడిన వరిని లేపి, నాలుగేసి దుబ్బులు కలిపి దాని ఆకులతోనే కట్టి నిలబెట్టాలని ఆ రోజు ఇంటిల్లిపాదీ మడిలో దిగాం. గ్రామసేవక్ కూడా పంచె ఎగ్గట్టి దిగాడు. కట్టింది కట్టినట్టే కూలింది. కాడలు మొదట్లోనే విరిగి ఉన్నాయి. నీళ్ళలో మునిగిన కంకులు సగం తాలు పోయాయి, పాలు గట్టిపడిన కొన్ని గింజలు వెన్ను మీదే మొలకలెత్తాయి. "పోనీలే, గొడ్లకన్నా పండగ" అని జేజి కొడవలి అందుకుని కోయించేసింది. బండ పక్కన మిట్ట మీద వరిని మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు. అది పండేదాకా పిట్టలు వాలకుండా పొద్దంతా అక్కడే కూర్చుంది. వక్కాకు నమలడం, చెయ్యి ఊపడం, కడియం చప్పుడు, అంతే. పండాక తనే కోసింది, తనే కాళ్ళతో నలిపింది. వచ్చిన వడ్లు ఒక చేటకు కూడా నిండలేదు.

కానీ వాటిలో మొలక ఉందో లేదో ఎవరికి తెలుసు? ఎండిన తర్వాత కొన్ని గింజలు తడిగుడ్డలో మూట కట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. ఆ మూట విప్పేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. విప్పిన రోజు నాయన శెనక్కాయ చేను వదిలి వచ్చాడు, గ్రామసేవక్ చెప్పులు గడప అవతల విడిచి వచ్చి నిలబడ్డాడు. జేజి ముడి విప్పి, గుడ్డ పరిచి, పక్కకు చూస్తూ, "నువ్వు చూసి చెప్పమ్మే, నాకు కండ్లు ఆనవు" అని నాతో అంది. ఆమె కళ్ళు బాగానే ఆనేవి. గుడ్డ మీద తెల్లటి మొలకలు చీమల బారు మాదిరి లేచి ఉన్నాయి. మొలవనివి ఒక చేతి వేళ్ళకు మించి లేవు. చెప్పాను. జేజి మొలకల మీద చేయి ఆడించి, ఆ తడి చేతిని తల మీద రాసుకుంది.

పై మడి కోతకు వచ్చింది. కోసేవాళ్ళు నడుములు విరిగాయని జేజి ముందే చెప్పిన మాటే చెప్పి తిట్టారు. కళ్ళంలో కుప్ప పడ్డాక ఆ తిట్లు ఆగిపోయాయి. పోల్చేటప్పుడు ఏది సమానమో ఏది కాదో చూడాలని పిల్లలకు చెప్పేదాన్ని. అందుకే ఇంతింతని గొప్పలు పోను. ఆ మడి అంతకు ముందు ఏ ఏడూ అంత కుప్ప ఇవ్వలేదని నాయన అన్నాడు, నాయన పెంచి చెప్పే మనిషి కాదు. ఆ బియ్యం లావుగా, ముద్దగా ఉండేవి, వాసన లేదు. కానీ ఆ ఏడు నెలల తరబడి మధ్యాహ్నం వరి బువ్వ తిన్నాం. జ్వరం రావాలని కోరుకోవడం నేనూ తమ్ముడూ మర్చిపోయాం. జేజి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, "సున్నం మాదిరుండాది" అని, రెండోసారి పెట్టించుకుంది.

ఇప్పుడు మేనల్లుడి మడి గట్టు మీద నిలబడి అప్పటికీ ఇప్పటికీ బేరీజు వేసుకుంటే, ఏ పక్క తగ్గించాలన్నా నాకు మనసు రావడం లేదు. పొట్టి వరి కడుపు నింపింది. నేను చదువుకున్న రోజుల్లో నా డబ్బాలో ఉన్నది ఆ అన్నమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఇప్పటి వరి దాని మనవలు, మునిమనవలు. అయితే సంచి తగ్గితే తల ఎత్తదని మేనల్లుడు అంటాడు. వాళ్ళ తాత ఒకసారి చల్లిన చోట వీడు చాలాసార్లు చల్లుతున్నాడు. ఎర్రొడ్లు అడిగేది తక్కువ, ఇచ్చేది తక్కువ, కానీ ఎండిన బావి పక్కన కడవ నీళ్ళతో బతికేవి. జేజి పోయాక అమ్మ కొన్నేళ్ళు ఆ గుప్పెడు వరిని నిలిపింది. తర్వాత వరసగా కరువులు వచ్చాయి. నేను ఉద్యోగానికి ఊరు విడిచిపోయాను. కుండ ఏ ఏడు ఖాళీ అయిందో తమ్ముణ్ణి అడిగాను, మరదల్ని అడిగాను. ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో చావులకు తారీఖులు రాసుకున్నాం, దూడలు పుట్టిన తిథులు కూడా రాసుకున్నాం. ఒక విత్తనం పోయిన రోజు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

అయినా నాకు ఎక్కువగా గుర్తుకొచ్చేది అది పోయిన సంగతి కాదు. వరి అలా పడిపోయిన తర్వాత చెరువు మళ్ళీ నిండిన ఏడు. అప్పుడు నేను టీచరు ట్రైనింగులో ఉండి సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ ఏడు జేజి నాయనను పిలిచి మళ్ళు మార్చుకుందామంది. పసుపు కుంకుమ మడి ప్రాణం పోయినా ఇచ్చేదాన్ని కాదని బతుకంతా అన్న మనిషి. "నీ పొట్టోణ్ణి నా మడిలో ఎయ్యి. నా ఎర్రొడ్లు నీ మడిలో ఏస్తా. నీళ్ళు ముందు నావి తాగుతాయి, తర్వాత నీవి. నీ ఉప్పు పైకి ఎక్కొచ్చేది ల్యాదు కదా." గ్రామసేవక్ అప్పటికి బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఉంటే ఆ మాట విని ఎగిరి గంతేసేవాడు. ఉప్పు చల్లే పూట కింది మడి నీళ్ళు కదలకుండా నాయన మడవ కట్టాడు. దిగువ మళ్ళవాళ్ళకు గంగన్న వేరే కాలువ తిప్పాడు. జేజి గట్టు మీద నిలబడి చూసి, "నాలుగు పారలు చాలవురా, ఇంకా ఎయ్యి" అంది. ఆ మీదట సంచి దగ్గరికి పోయి, కొంగు పట్టి, సీమ ఉప్పు పోయమంది. నాయన తెల్లబోయి పోశాడు. వంగిన నడుముతో ఆమె తన పసుపు కుంకుమ మడిలోకి దిగింది. మోకాటెత్తు కూడా లేని ఆ కొత్త వరి మధ్య నడుస్తూ, విత్తనాలు చల్లినట్టే, పిడికిలి నిండా తీసి అర్ధచంద్రంగా విసిరింది. తెల్లటి పలుకులు నీళ్ళలో చిటపటమన్నాయి. నేను గట్టు మీద నుంచి వింటున్నానని ఆమెకు తెలియదు.

"తిను తల్లీ, బాగా తిను. నువ్వు పడేదానివి కాదు లే." ఇంకొక పిడికిలి విసిరి, పై మడిలో గాలికి ఊగుతున్న ఎర్రొడ్ల వైపు తల తిప్పకుండా, గొంతు తగ్గించి అంది. "ఆ పక్క చూడొద్దు. దానికి ఈ తిండి పడదు."